ఇంటిని స్మార్ట్‌గా మార్చుకోవడం: విజయవాడ, గుంటూరు ఇళ్ల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

గృహప్రవేశానికి వెళ్లినా, అపార్ట్‌మెంటు సమావేశంలో కూర్చున్నా, గుంటూరులోనూ విజయవాడలోనూ నన్ను ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. బ్రాడీపేటలోని మా ఇంట్లో ఏడేళ్లుగా ఈ పరికరాలను వాడుతూ, బంధుమిత్రుల ఇళ్లలో బిగించడానికి సాయపడుతూ తెలుసుకున్న సంగతులను ఇక్కడ దశలవారీగా రాసి ఉంచుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ప్రతి సమాధానమూ దానికదే పూర్తిగా ఉంటుంది. నేను పట్టుబట్టే నియమం మాత్రం అన్నిటికీ ఒక్కటే: ఇంటర్నెట్ ఆగిపోయినా, ఫోను చేతిలో లేకపోయినా, ఇంట్లో ఎవరు గోడ మీది స్విచ్ నొక్కినా దీపం వెలగాలి, ఫ్యాను తిరగాలి.

## మొదలుపెట్టే ముందు

స్మార్ట్ హోమ్ అంటే ఫోనుతో లైట్లు వేయడమేనా?

కాదు. ఫోనుతో లైటు వేస్తే ఆ ఫోను ఒక ఖరీదైన రిమోట్ అయినట్టే లెక్క. ట్యాంకులో నీళ్లు తగ్గినట్లు సెన్సర్ గుర్తించడం, ఆ కబురు కంట్రోలరుకు చేరడం, మనం ముందే పెట్టిన నియమం ప్రకారం మోటారు దానంతటదే తిరిగి ట్యాంకు నిండగానే ఆగిపోవడం, ఇదీ ఆటోమేషన్. మనిషి గుర్తుపెట్టుకోవలసిన పని ఒకటి తగ్గినప్పుడే దానికి పెట్టిన డబ్బుకు ఫలితం దక్కినట్టు.

అన్నీ ఒకేసారి పెట్టించలేం. ముందుగా ఏది పెట్టుకుంటే ఉపయోగం?

సొంత ఇల్లయితే నీళ్ల మోటారుతో మొదలుపెట్టండి. తరువాత, పెద్దవారు రాత్రివేళ మంచం దిగగానే బాత్‌రూము దాకా సన్నని వెలుతురు వచ్చే ఏర్పాటు చేయండి. ఒక మోషన్ సెన్సరు, ఒక చిన్న దీపం చాలు, చీకట్లో జారి పడే ప్రమాదం చాలావరకు తప్పుతుంది. మూడవది గీజరుకు టైమరు. రంగులు మారే బల్బులు చూడముచ్చటగా ఉంటాయి గాని, వారం తిరగకుండానే వాటి రంగు మార్చడం అందరూ మరచిపోతారు. వాటిని చివరికి ఉంచుకోవడమే మంచిది.

మొత్తం ఖర్చు ఎంతవుతుంది?

స్మార్ట్ బల్బు సుమారు 500 నుంచి 1,000 రూపాయలు, 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గు 1,000 నుంచి 1,500 రూపాయల వరకు ఉంటాయి. మామూలు స్విచ్‌లను స్మార్ట్‌గా మార్చడానికి బోర్డు వెనుక బిగించే చిన్న పెట్టె, అంటే నాలుగు స్విచ్‌ల మాడ్యూలు, రకాన్ని బట్టి రెండు నుంచి నాలుగు వేలు పడుతుంది. స్మార్ట్ తాళాల ధరలో మాత్రం చాలా తేడా ఉంది, ఎనిమిది వేల నుంచి పాతిక వేల దాకా దొరుకుతాయి. వీటికి ఎలక్ట్రీషియన్ కూలి అదనం. ఇల్లంతటికీ ఒకే ప్యాకేజీగా లక్షల్లో చెప్పే వారి దగ్గర, ఏ గదిలో ఏ పరికరం, దాని మోడల్ ఏమిటి, వారంటీ ఎన్నేళ్లు అన్నది కాగితం మీద రాయించుకున్న తరువాతే అడ్వాన్సు ఇవ్వండి.

మేం అద్దె ఇంట్లో ఉంటున్నాం. మాకు కుదురుతుందా?

తప్పకుండా కుదురుతుంది. గోడనూ వైరింగునూ ముట్టుకోని పరికరాలనే ఎంచుకోండి: ప్లగ్గులు, బల్బులు, ఏసీకీ టీవీకీ రిమోట్ సంకేతాలు పంపే ఐఆర్ బ్లాస్టరు, అంటించుకునే సెన్సర్లు. బోర్డు విప్పవలసిన పని ఏదైనా ఉంటే ఇంటి యజమానికి చెప్పి చేయండి, తీసిన పాత స్విచ్‌లను దాచి ఉంచండి.

కరెంటు ఆఫీసు వారు బిగించే స్మార్ట్ మీటరూ ఇదీ ఒకటేనా?

రెంటికీ సంబంధం లేదు. స్మార్ట్ మీటరు ఇంటి మొత్తం వాడకాన్ని కొలిచి డిస్కమ్‌కు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, పంపుతుంది. విజయవాడ, గుంటూరు వారికి ఆ డిస్కమ్ ఏపీసీపీడీసీఎల్. ఆ మీటరు మీ ఫ్యానునో ఏసీనో విడిగా నడపదు, ఆపదు. మీ ఇంట్లోని స్మార్ట్ పరికరాలు మీ మీటరుకు ఇవతల, మీ అదుపులో ఉండేవి.

## వైరింగు, వై-ఫై

మాది పాత ఇల్లు. స్విచ్ బోర్డులో న్యూట్రల్ లేదని ఎలక్ట్రీషియన్ అన్నాడు. ఇక కుదరదా?

ముందు ఆ మాట నిజమో కాదో చూడాలి. స్మార్ట్ స్విచ్ తాను మేలుకొని ఉండడానికి నిరంతరం కొద్దిపాటి కరెంటు తీసుకుంటుంది కాబట్టి దానికి కరెంటు తెచ్చే ఫేజ్ వైరుతో పాటు, కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరు కూడా కావాలి. మన ఇళ్లలో చాలా బోర్డులకు ఫోను ఛార్జింగు పెట్టుకునే సాకెట్టు ఉంటుంది. సాకెట్టు ఉందంటే ఆ పెట్టెలోకి న్యూట్రల్ వచ్చే ఉంటుంది, అక్కడి నుంచి తీసుకోవచ్చు. ఒకటి రెండు స్విచ్‌లు మాత్రమే ఉండే మెట్ల దగ్గరి బోర్డులు, బాత్‌రూము బయటి బోర్డులలోనే అసలు ఇబ్బంది. అక్కడ న్యూట్రల్ అక్కరలేని స్విచ్‌లు దొరుకుతాయి గాని, అవి బల్బు గుండానే కొద్ది కరెంటు లాగుతాయి కాబట్టి తక్కువ వాట్ల ఎల్ఈడీలు ఆపినా మసకగా వెలుగుతూనో మినుకుమినుకుమంటూనో ఉంటాయి. అటువంటి చోట పైపులోంచి ఒక కొత్త వైరు లాగించడం, అది వీలు కాకపోతే ఆ స్విచ్‌ను మామూలుగానే వదిలేయడం నా సలహా. ఇన్వర్టరు లైను న్యూట్రల్‌నూ మెయిన్ లైను న్యూట్రల్‌నూ మాత్రం పొరపాటున కూడా కలపనివ్వకండి. కరెంటు లీకయితే సరఫరాను ఆపేసే ఆర్‌సీసీబీ ఉన్న ఇళ్లలో అది అస్తమానం పడిపోవడానికి ఈ కలపడమే ఒక ముఖ్య కారణం.

కొత్త ఇల్లు కడుతున్నాం. ఇప్పుడే ఏమేం చేయించుకోవాలి?

గోడలకు ప్లాస్టరింగు కాకముందు వందల్లో అయ్యే పని, ఆ తరువాత వేలల్లోకి వెళ్తుంది. ప్రతి స్విచ్ పెట్టెలోకీ న్యూట్రల్ వేయించండి. మాడ్యూలు లోపల ఇమిడేలా లోతైన పెట్టెలు పెట్టించండి. రూటరు ఉండబోయే చోటి నుంచి ప్రతి అంతస్తుకూ, బయట కెమెరాలు పెట్టే మూలలకూ క్యాట్-6 కేబులు (ఇంటర్నెట్ వైరు) పైపులో వేయించండి. కిటికీ పైన ఒక మూలకు ప్లగ్గు పాయింటు ఇస్తే రేపు కర్టెను మోటారుకు పనికొస్తుంది. సంపు నుంచి డాబా మీది ట్యాంకు దాకా ఒక ఖాళీ పైపు వేయించడం మరచిపోవద్దు. డిస్ట్రిబ్యూషన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, పిడుగుల వేళ వచ్చే అధిక వోల్టేజీని భూమిలోకి మళ్లించే సర్జ్ ప్రొటెక్టరు ఉండాలి. గోడలు మూసే ముందు ప్రతి గోడనూ ఫోనుతో ఫోటో తీసి పెట్టుకోండి. పదేళ్ల తరువాత డ్రిల్లింగు చేసేటప్పుడు ఏ పైపు ఎటు వెళ్లిందో ఆ ఫోటోలే చెబుతాయి.

ఫోనుకు వై-ఫై బాగానే వస్తోంది. బల్బు మాత్రం కనెక్ట్ కావడం లేదు. ఎందుకు?

చాలా స్మార్ట్ పరికరాలు 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై మీదనే పనిచేస్తాయి. మీ ఫోను ఆ సమయంలో 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటే పరికరం జతపడడానికి మొరాయించవచ్చు. రూటరు సెట్టింగులలో రెండు బ్యాండ్లకూ వేరు వేరు పేర్లు పెట్టి, ఫోనును 2.4 మీదకు మార్చి మళ్లీ ప్రయత్నించండి. పాస్‌వర్డు తప్పుగా కొట్టడం, ఫోనులో లొకేషన్ ఆపి ఉండడం కూడా తరచుగా కనిపించే కారణాలే.

మేడ మీది గదికి సిగ్నల్ అందడం లేదు. ఏం చేయాలి?

కాంక్రీటు శ్లాబు, తొమ్మిదంగుళాల ఇటుక గోడ సిగ్నల్‌ను బాగా తగ్గిస్తాయి. ముందుగా రూటరును టీవీ వెనుక నుంచో ఇనుప బీరువా పక్క నుంచో తీసి, ఇంటి మధ్యభాగంలో ఎత్తుగా పెట్టి చూడండి. అయినా చాలకపోతే పై అంతస్తుకు కేబులు లాగి అక్కడ రెండో యాక్సెస్ పాయింటు (వై-ఫైని ప్రసారం చేసే పెట్టె) పెట్టడమే గట్టి పరిష్కారం.

## కొనేటప్పుడు

వై-ఫై, జిగ్‌బీ, మ్యాటర్ అని ఏవేవో చెబుతున్నారు. ఏది తీసుకోవాలి?

పది లోపు పరికరాలే ఉంటే వై-ఫై చాలు, పరికరాలన్నిటినీ కలిపి నడిపే హబ్ అనే పెట్టె వేరే అక్కరలేదు. ఇరవై, ముప్పై దాటేటట్లయితే ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన మామూలు రూటరు వాటి భారం మోయలేక తడబడుతుంది. అప్పుడు, వై-ఫై కాకుండా హబ్ ద్వారా నడిచే మరో వైర్‌లెస్ పద్ధతి అయిన జిగ్‌బీ మేలు. జిగ్‌బీలో కరెంటు మీద నడిచే ప్రతి పరికరమూ పక్కదాని కబురును అందుకొని ముందుకు పంపుతుంది, సెన్సర్ల బ్యాటరీ కూడా ఎక్కువ కాలం వస్తుంది. ఇక మ్యాటర్ అన్నది అమెజాన్, యాపిల్, గూగుల్, శామ్‌సంగ్ వంటి సంస్థలు కలిసి ఒప్పుకున్న ఉమ్మడి ప్రమాణం. దాని మొదటి రూపం 2022 అక్టోబరులో విడుదలైంది. మ్యాటర్ గుర్తు ఉన్న పరికరాన్ని ఈ సంస్థలలో ఎవరి యాప్‌కైనా కలుపుకోవచ్చు, ఇంటి లోపలి నెట్‌వర్కు మీదనే దాన్ని నడపవచ్చు. ధరలో స్వల్ప తేడానే ఉంటే కొత్తగా కొనేవారు ఆ గుర్తు చూసి కొనడం మంచిది.

గీజరుకూ ఏసీకీ మామూలు స్మార్ట్ ప్లగ్గు సరిపోతుందా?

సరిపోదు. 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు, 3,000 వాట్లది 13 ఆంపియర్లు తీసుకుంటాయి. 10 ఆంపియర్ల ప్లగ్గును అంచు దాకా గంటల తరబడి వాడితే అది వేడెక్కి ప్లాస్టిక్కు కరుగుతుంది. 16 ఆంపియర్ల ప్లగ్గే వాడాలి, గోడలోని సాకెట్టు వదులుగా ఉంటే ముందు దాన్ని మార్పించాలి. ఏసీకి ప్లగ్గు కన్నా ఐఆర్ బ్లాస్టరు మేలు. నడుస్తున్న కంప్రెసరుకు ఉన్నట్టుండి కరెంటు ఆపడం దానికి మంచిది కాదు.

ఫ్యానుకు ఏం పెట్టాలి? రెగ్యులేటరు ఉంచాలా, తీసేయాలా?

పాత రకం ఫ్యాను అయితే, వేగం మార్చే సదుపాయం ఉన్న ఫ్యాను మాడ్యూలు పెట్టి గోడ మీది రెగ్యులేటరును తీయించండి. రెండూ ఒకే లైనులో ఉంటే ఫ్యాను గుర్రుమంటుంది. తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యానుకు వేగం మార్చే ఎలక్ట్రానిక్సు దానిలోనే ఉంటాయి కాబట్టి దాన్ని ఎప్పుడూ రెగ్యులేటరుకు కలపకూడదు, నేరుగా స్విచ్‌కే ఇవ్వాలి.

స్మార్ట్ స్పీకరుకు తెలుగు అర్థమవుతుందా?

మన దేశంలో స్మార్ట్ స్పీకర్లు ప్రధానంగా ఇంగ్లీషు, హిందీ భాషలలో పనిచేస్తున్నాయి. ఫోను మీద పరిస్థితి మెరుగ్గా ఉంది. గూగుల్ తన ఏఐ సహాయకుడైన జెమినై యాప్‌ను 2024 జూన్‌లో తెలుగుతో కలిపి తొమ్మిది భారతీయ భాషలలో తెచ్చింది. స్పీకరు విషయంలో నేను పాటించే ఉపాయం ఒకటుంది. పరికరాలకు పొట్టిగా, ఒకదానితో ఒకటి కలవని పేర్లు పెట్టి, పలికి చూసి, స్పీకరుకు అందని పేరును వెంటనే మార్చేస్తాను. ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడని పెద్దవారు ఉంటే మాటతో నడిపే ఏర్పాటు వారికి భారమే అవుతుంది. వారికి గోడ మీది బటనే సరైనది.

స్మార్ట్ తాళం పెడితే, బ్యాటరీ అయిపోయినప్పుడు బయటే నిలబడిపోతామా?

మంచి తాళాలు బ్యాటరీ తగ్గుతున్నదని ముందుగానే హెచ్చరిస్తాయి. పూర్తిగా అయిపోయినా బయటి నుంచి పవర్ బ్యాంకుతోనో చదరపు 9 వోల్టుల బ్యాటరీతోనో కాసేపు మేల్కొలిపే ఏర్పాటు చాలా మోడళ్లలో ఉంటుంది. తాళంచెవి రంధ్రం కూడా ఉన్న మోడలే కొనండి, ఆ చెవిని నమ్మకమైన పొరుగింట్లో ఉంచండి. ఇక్కడ మరొక చిక్కు ఉంది. వానాకాలంలో చెక్క తలుపు ఉబ్బి ద్వారబంధానికి ఒరుసుకుంటే, భుజంతో తలుపును నెట్టి గడియ వేయడం మనకు అలవాటే గాని తాళం లోపలి చిన్న మోటారుకు ఆ బలం ఉండదు. తాళం బిగించే ముందే వడ్రంగి చేత తలుపు అంచుకు చిత్రిక పట్టించండి.

## బిగించేటప్పుడు

ఇవన్నీ నేనే బిగించుకోవచ్చా?

ప్లగ్గు, బల్బు, అంటించే సెన్సరు మీరే పెట్టుకోవచ్చు. బోర్డు విప్పవలసిన ప్రతి పనికీ ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, మెయిన్ ఆపించి టెస్టరుతో చూసిన తరువాతే చేయి పెట్టనివ్వండి. మాడ్యూలుతో వచ్చిన వైరింగు బొమ్మను అతనికి చూపించండి. అనుభవజ్ఞులు కూడా కొత్త మాడ్యూలులో ఫేజ్ ఎక్కడ, లోడ్ ఎక్కడ అని తడబడడం నేను చూశాను.

నీళ్ల మోటారును ఆటోమేటిక్ చేయాలంటే స్మార్ట్ ప్లగ్గు చాలా?

చాలదు. ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మోటారు మొదలయ్యే క్షణంలో, మామూలుగా తీసుకునే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఆ తాకిడికి ప్లగ్గు లోపల స్విచ్‌లా పనిచేసే రిలే కొసలు కొన్నాళ్లకు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అప్పుడు యాప్‌లో ఆఫ్ అని కనిపిస్తున్నా మోటారు తిరుగుతూనే ఉంటుంది, ట్యాంకు పొంగి నీళ్లు డాబా మీద పారుతూ ఉంటాయి. అందువల్ల మోటారు భారాన్ని, ఎక్కువ కరెంటును తట్టుకునే పెద్ద స్విచ్ అయిన కాంటాక్టరుకు అప్పగించాలి. స్మార్ట్ స్విచ్ ఆ కాంటాక్టరు కాయిల్‌ను మాత్రమే నడపాలి. సబ్‌మెర్సిబుల్ మోటారుకు స్టార్టరు పెట్టె ఎలాగూ ఉంటుంది, దానికి తగిన కంట్రోలరే తీసుకోవాలి.

నియమం ఒక్క ట్యాంకును చూసి పెడితే చాలదు. పైన నీళ్లు తగ్గి ఉండాలి, కింద సంపులో నీళ్లు ఉండాలి, ఈ రెండూ నిజమైనప్పుడే మోటారు తిరగాలి. మున్సిపల్ నీళ్లు రాని రోజున ఖాళీ సంపు మీద మోటారు తిరిగితే నీటి చల్లదనం లేక సీలు మాడుతుంది. నీరు అందనప్పుడు మోటారు తీసుకునే కరెంటు తగ్గుతుంది; ఆ తగ్గుదలను పసిగట్టి ఆపే డ్రై రన్ రక్షణ ఉన్న కంట్రోలరు దొరుకుతుంది. మూడవ జాగ్రత్తగా, సమయానికి ఒక హద్దు పెట్టండి. మీ ట్యాంకు మామూలుగా 25 నిమిషాలలో నిండుతుందనుకుంటే, సెన్సరు ఏమి చెప్పినా 35 నిమిషాలకు మోటారు ఆగేలా చూడండి. లవణాలు ఎక్కువగా ఉన్న బోరు నీళ్లలో, నీటి మట్టం చూసే లోహపు ప్రోబుల మీద తెల్లటి పొర గట్టిపడితే అవి తప్పుడు కబురు పంపుతాయి. మా ఇంట్లో రెండు నెలలకొకసారి ట్యాంకు మూత తీసి, పాత టూత్‌బ్రష్షుతో రుద్ది శుభ్రం చేస్తాం. కంట్రోలరును ప్రక్కకు తప్పించి చేత్తో మోటారు వేసుకునే మాన్యువల్ స్విచ్ తప్పక ఉంచాలి.

గ్యాస్ లీకు సెన్సరు ఎక్కడ పెట్టాలి?

సిలిండరు గ్యాసు గాలి కన్నా బరువైనది, లీకయితే నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి సెన్సరు నేల నుంచి సుమారు ఒక అడుగు ఎత్తులో, సిలిండరుకు దగ్గరగా ఉండాలి. పైపుల ద్వారా వచ్చే సహజవాయువు గాలి కన్నా తేలిక కనుక దానికి పైకప్పు దగ్గర పెట్టాలి. లీకు తెలియగానే ఎగ్జాస్టు ఫ్యాను దానంతటదే తిరిగేలా నియమం పెట్టమని కొందరు సలహా ఇస్తారు, దయచేసి ఆ పని చేయవద్దు. స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు, గది అంటుకోవడానికి. సెన్సరు పని గట్టిగా మోగడం, ఫోనుకు కబురు పంపడం, వీలైతే గ్యాసు వాల్వును మూయడం. ఆ మోత వినగానే ఏ స్విచ్చూ ముట్టకుండా కిటికీలు తెరిచి, బయటికి వచ్చి, సిలిండరు గ్యాసయితే 1906 నంబరుకు ఫోను చేయాలి.

పోపు వేసినప్పుడల్లా పొగ సెన్సరు మోగుతోంది. తీసేయమంటారా?

తీసేయకండి, చోటు మార్చండి. ఎండుమిరపకాయలతో పోపు పెట్టే వంటింట్లో పొగ సెన్సరు నిలవదు. వంటింటికి ఉష్ణోగ్రతను బట్టి మోగే హీట్ సెన్సరు పెట్టి, పొగ సెన్సరును హాలులోనో పడకగదుల ముందో పెట్టండి. దేవుడి గదికి కూడా అగరుబత్తుల పొగ వల్ల ఇదే వర్తిస్తుంది.

వీధి తలుపు సెన్సరు మాటిమాటికీ పాడవుతోంది. నాణ్యత లేనిదా?

అది ఎక్కడ అంటించారో చూడండి. కింద గడపకు దగ్గరగా ఉంటే, శుక్రవారం గడప కడిగి పసుపు రాసినప్పుడు ఆ నీరే దానిలోకి దిగుతుంది. ఇలా పాడయిందని ఒకరు నా దగ్గరికి తెచ్చిన సెన్సరు మూత తీస్తే, లోపల బ్యాటరీ మీద పసుపు ఎండి అట్టకట్టి ఉంది. ద్వారబంధం పైభాగాన అంటిస్తే నీరూ తగలదు, తోరణం కట్టినా అడ్డు రాదు.

మోషన్ సెన్సరు మే నెలలో మనిషి వచ్చినా గుర్తించడం లేదు. ఎందుకు?

ఈ సెన్సర్లు మనిషి ఒంటి వేడికీ పరిసరాల వేడికీ మధ్య తేడాను చూసి పనిచేస్తాయి. మన ఎండాకాలంలో గది ఉష్ణోగ్రత ఒంటి వేడికి దగ్గరయ్యే సరికి ఆ తేడా కరిగిపోతుంది. డాబా కింది గది, మెట్ల దారి వంటి చోట్ల రాడార్ రకం సెన్సరు మెరుగు. అయితే అది తిరుగుతున్న ఫ్యానునూ ఊగుతున్న కర్టెనునూ మనిషే అనుకోగలదు కనుక దాని చూపును సర్దుకోవాలి. ఎవరూ లేకుండానే అర్ధరాత్రి మోగుతుంటే, సెన్సరు మీద బల్లి పాకుతున్నదేమో చూడండి.

రూటరు, హబ్, ఇన్వర్టరు ఎంత ఎత్తులో పెట్టాలి?

నేల మీద పెట్టకండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్ ప్రాంతంలో కింది అంతస్తులు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. పల్లపు కాలనీలలో కింది అంతస్తులో ఉండేవారు ఇన్వర్టరు, బ్యాటరీ, మోటారు కంట్రోలరు, కెమెరా రికార్డరు వీలైనంత ఎత్తులో, కుదిరితే పై అంతస్తులో పెట్టించుకోవడం మంచిది. నీటమునిగిన పరికరాన్ని ఎండబెట్టి మళ్లీ ప్లగ్గులో పెట్టడం ప్రాణాపాయం.

## రోజువారీ వాడకంలో

కరెంటు పోయి వస్తే అర్ధరాత్రి లైట్లన్నీ వెలుగుతున్నాయి. ఎలా ఆపాలి?

యాప్‌లో ఒక్కొక్క పరికరానికీ కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఎలా ఉండాలి అన్న సెట్టింగు ఉంటుంది. లైట్లకు మునుపటి స్థితి అనీ, గీజరుకూ మోటారుకూ ఆఫ్ అనీ పెట్టండి. గీజరు విషయంలో ఇది తప్పనిసరి.

ఇంటర్నెట్ పోతే ఇల్లంతా ఆగిపోతుందా?

మీరు ఎలా కట్టుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. నియమాలు కంపెనీ సర్వరులో ఉంటే ఆగిపోతాయి, ఇంట్లోని హబ్‌లో ఉంటే నడుస్తూనే ఉంటాయి. 2013లో మొదలైన హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరును ఒక చిన్న కంప్యూటరు మీద నడిపి, వివిధ కంపెనీల పరికరాలను ఇంటి లోపలే కలుపుకోవచ్చు; కాస్త ఓపిక, నేర్చుకునే ఇష్టం ఉన్నవారికి నేను దాన్నే సూచిస్తాను. రూటరునూ ఫైబరు పెట్టెనూ హబ్‌నూ ఇన్వర్టరు లైను మీద పెట్టండి, అవి తినే కరెంటు బహు స్వల్పం.

మా పెద్దవాళ్లు వీటిని వాడలేకపోతున్నారు. ఎలా నేర్పాలి?

నేర్పవలసిన అవసరం రాకుండా కట్టుకోవాలి. మా ఇంట్లో మొదటి ఏడాది నేను అన్ని గదులలోనూ స్మార్ట్ బల్బులు పెట్టాను. గోడ మీది స్విచ్ ఆపితే ఆ బల్బుకు కరెంటే అందదు, ఇక ఫోను మాట వినదు. అందుకని ప్రతి స్విచ్ మీదా ‘ఆపవద్దు’ అని కాగితం అంటించాను. ఒక రాత్రి మంచినీళ్లకు లేచి చూస్తే, మా అమ్మ పెరటి వైపు గోడ పట్టుకొని చీకట్లో నడుస్తోంది. లైటు వేసుకోలేదేమమ్మా అని అడిగితే, ‘నీ ఏర్పాటు పాడవుతుందేమోనని ముట్టుకోలేదురా’ అంది. మరుసటి వారమే ఆ బల్బులన్నీ తీసేసి, స్విచ్‌ల వెనుక మాడ్యూళ్లు పెట్టించాను. ఇప్పుడు ఆమె డెబ్భై ఏళ్లుగా నొక్కుతున్నట్టే స్విచ్ నొక్కుతుంది, లైటు వెలుగుతుంది. నియమాలు తమ పని తాము చేసుకుంటాయి. పెద్దవారు ఉన్న ఇంట్లో బల్బు కాకుండా స్విచ్‌నే స్మార్ట్ చేయండి.

యాప్‌లో ఏసీ ఆన్ అని చూపిస్తోంది, ఇంటికి వస్తే ఆఫ్‌లో ఉంది. ఎందుకిలా?

ఐఆర్ బ్లాస్టరు సంకేతం పంపుతుందే గాని, ఏసీ నుంచి తిరుగు సమాధానం అందుకోదు. దానికీ ఏసీకీ మధ్య అడ్డు లేకుండా చూడండి. కచ్చితంగా తెలియాలంటే అదే గదిలో ఒక ఉష్ణోగ్రత సెన్సరు పెట్టి, వేడి తగ్గుతున్నదో లేదో చూసుకోవాలి.

## కరెంటు బిల్లు

ఇవన్నీ పెడితే బిల్లు నిజంగా తగ్గుతుందా?

తగ్గుతుంది, అమ్మేవారు చెప్పినంత కాదు. ఏసీలోనే ఎక్కువ ఆదా ఉంది. ఇంధన పొదుపును చూసే కేంద్ర సంస్థ బీఈఈ నిబంధన వల్ల 2020 జనవరి నుంచి కొత్త గది ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలవుతున్నాయి; ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఆ సంస్థ చెబుతోంది. తెల్లవారుజామున మూడింటికి ఏసీని 27కు పెంచి ఫ్యాను వేసే నియమం ఒకటి పెడితే నిద్ర చెడకుండా యూనిట్లు మిగులుతాయి. గీజరు విషయంలో ఒక అపోహ ఉంది: మరచిపోయిన గీజరు గంటల తరబడి 2,000 వాట్లూ తింటుందని అనుకుంటారు. నీళ్లు కాగాక థర్మోస్టాటు ఆపేస్తుంది, ఆ తరువాత పోయేది చల్లారిన మేరకు తిరిగి కాచే కరెంటు మాత్రమే. టైమరు వల్ల ఆదా కన్నా నిశ్చింత ఎక్కువ.

ఫ్యాన్ల లెక్క చూడండి. 75 వాట్ల పాత ఫ్యాను బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే 45 వాట్లు మిగులుతాయి. మూడు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు దాదాపు 48 యూనిట్లు. మన బిల్లు శ్లాబుల్లో ఉంటుంది కాబట్టి ముందుగా తగ్గేవి ఎక్కువ రేటు పడే పై శ్లాబు యూనిట్లే. ఈ ఆదా ఫ్యాను మోటారుది, యాప్‌ది కాదు. డబ్బు పరిమితంగా ఉంటే ముందు ఫ్యాన్లు మార్చుకోండి.

ఈ పరికరాలే కరెంటు తినవా?

తింటాయి. ఒక్కొక్కటి 0.8 వాట్ల చొప్పున 25 పరికరాలు ఎప్పుడూ మేలుకొని ఉంటే నెలకు 14 యూనిట్ల పైనే అవుతుంది. అక్కరలేని చోట పెట్టకపోవడానికి ఇది కూడా ఒక కారణం.

సోలార్ పెట్టించాం. దానికీ దీనికీ లంకె వేయవచ్చా?

వేయవచ్చు గాని తొందర అక్కరలేదు. ఇంటి పైకప్పు సోలార్‌కు కేంద్రం తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీతో పెట్టించుకున్న చాలా ఇళ్లు నెట్ మీటరింగు మీద ఉన్నాయి. గ్రిడ్‌కు పంపిన యూనిట్లు బిల్లులో సర్దుబాటవుతాయి కాబట్టి మోటారును పగటికి మార్చినంత మాత్రాన పెద్దగా మిగిలేది ఉండదు. బ్యాటరీ లేని ఆన్-గ్రిడ్ సోలార్, కరెంటు పోయినప్పుడు ఎండ ఉన్నా ఆగిపోతుందన్నది గుర్తుంచుకొని రూటరును బ్యాటరీ ఉన్న ఇంటి ఇన్వర్టరు మీదనే ఉంచండి.

## భద్రత, గోప్యత

కెమెరాను ఎవరైనా హ్యాక్ చేస్తారేమోనని భయంగా ఉంది. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డును మొదటి రోజే మార్చండి, రెండంచెల ధ్రువీకరణ పెట్టండి, అప్‌డేట్లు వచ్చినప్పుడు వేయండి. స్మార్ట్ పరికరాలన్నిటినీ రూటరులోని గెస్ట్ నెట్‌వర్కులో (అతిథుల కోసం విడిగా ఇచ్చే వై-ఫైలో) ఉంచి, బ్యాంకు పనులు చేసే ఫోనునూ కంప్యూటరునూ అసలు నెట్‌వర్కులో ఉంచండి. బిగించిన టెక్నీషియన్ తన ఫోను నుంచి ఖాతా తెరిచి ఉంటే, అతని ఎదుటే ఆ పరికరాన్ని మీ ఖాతాకు మార్పించుకోండి. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇది.

మేం అమెరికాలో ఉన్నాం. గుంటూరులో అమ్మానాన్నలను చూసుకోవడానికి కెమెరాలు పెట్టమంటారా?

ముందు వారిని అడగండి. వీధి గుమ్మం దగ్గర, గేటు దగ్గర కెమెరా పెట్టడానికి చాలామంది ఒప్పుకుంటారు. హాలులో పెడితే తమ ఇంట్లోనే కాళ్లు చాపుకొని కూర్చోలేని స్థితి వస్తుంది, పడకగది సంగతి చెప్పనక్కరలేదు. వారి క్షేమం తెలియడానికి కెమెరా అవసరం లేదు. వంటింటి తలుపుకో ఫ్రిజ్ తలుపుకో ఒక సెన్సరు పెట్టి, ఉదయం ఎనిమిది దాకా అది ఒక్కసారైనా తెరుచుకోకపోతే మీకూ పక్కింటివారికీ కబురు వచ్చేలా చేయవచ్చు. మంచం పక్కన నొక్కగానే మోగే బటను ఒకటి పెట్టండి. ఇవి ఉన్నాయని రోజువారీ ఫోను మానేయకండి.

అపార్ట్‌మెంటులో మా కెమెరాకు ఎదురింటి గుమ్మం కనిపిస్తోంది. ఫర్వాలేదా?

వారి అనుమతి లేకుండా వద్దు. కెమెరాను కిందికి వంచండి, లేదా యాప్‌లో ప్రైవసీ జోన్ పెట్టి ఎదుటి తలుపును నల్లగా కప్పండి. ఆ తెర మీది చిత్రాన్ని ఒకసారి ఎదురింటివారికి చూపించండి, గొడవ అక్కడితో తీరుతుంది.

## ఏళ్లు గడిచిన తరువాత

కంపెనీ యాప్ ఆపేస్తే పరికరాలు పనికిరాకుండా పోతాయా?

సర్వరు మీదనే ఆధారపడినవి పనికిరాకుండా పోతాయి. నేను తొలిరోజుల్లో కొన్న నాలుగు ప్లగ్గుల కంపెనీ, మూడేళ్లకు తన సర్వరు మూసేసింది. ప్లగ్గులు బాగానే ఉన్నాయి, వాటితో మాట్లాడే దారి మాత్రం లేకపోయింది. అప్పటి నుంచి మ్యాటర్, జిగ్‌బీ వంటి ఉమ్మడి ప్రమాణాల మీద నడిచేవే కొంటున్నాను. వారంటీ లోపల కంపెనీ స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫిర్యాదు చేయవచ్చు. అందుకు బిల్లు ఉండాలి కాబట్టి, గవర్నరుపేట దుకాణంలో కొన్నా ఆన్‌లైనులో కొన్నా బిల్లు తీసి దాచండి.

ఇల్లు అమ్మేస్తున్నాం. వీటిని ఏం చేయాలి?

తీసుకెళ్లేవి, వదిలేసేవి ముందే విడదీయండి. వదిలే ప్రతి పరికరాన్నీ మీ ఖాతా నుంచి తొలగించి, ఆ తరువాత దాని రీసెట్ బటను నొక్కి ఖాళీ చేయండి. ఈ రెండూ చేయకపోతే కొత్త యజమాని వాటిని కలుపుకోలేరు, మీ ఫోనులో వారి ఇంటి లైట్లు కనిపిస్తూ ఉంటాయి. తాళంలోని వేలిముద్రలనూ సంకేత సంఖ్యలనూ తుడిచేయండి. కెమెరాలోని మెమరీ కార్డు తీసుకోండి. ఏ బోర్డు వెనుక ఏ మాడ్యూలు ఉందో ఒక కాగితం మీద రాసి, మెయిన్ బోర్డు తలుపు లోపలి వైపు అంటించి వెళ్లండి.